ఎవరెస్ట్ ఎక్కని ఎవరెస్ట్, మా వైపు అడవి

ఎవరెస్ట్ అనేది ఒక మనిషి ఇంటిపేరు అని చిన్నప్పుడు జీకే బుక్కులో చదివాను. చదివి మర్చిపోయాను. మళ్ళీ గుర్తొచ్చింది పోయిన డిసెంబర్‌లో, అదీ ఒక తప్పు చేశాక.

సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే మా హాస్టల్ నుంచి నలుగురం డెహ్రాడూన్ రైలెక్కాం. కేదార్‌కంఠ ట్రెక్. రూటు ప్లాన్ చేసింది నేనే. కాంటూర్ లైన్లున్న మ్యాప్ ఫోన్‌లో దింపుకున్నా, ఏ రోజు ఎన్ని కిలోమీటర్లో షీట్ వేశా, అందరికీ షేర్ చేశా. రిటర్న్ టికెట్‌కి ఒక రోజు తక్కువ పడుతుంటే మధ్యలో ఆగాల్సిన ఒక క్యాంపు తీసేశా. అంటే సాంక్రి నుంచి, సుమారు 1,950 మీటర్ల ఎత్తు నుంచి, ఒకే రోజులో 3,400 మీటర్ల దాకా. దూరం చూస్తే మామూలుగానే ఉంది, షీట్‌లో బాగానే కనిపించింది. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి ఐదు వందల మీటర్ల కంటే ఎక్కువ పెంచకూడదని నేను చదవలేదు. ఆ రాత్రి మావాడొకడికి తలపోటు మొదలైంది, తర్వాత వాంతులు. తెల్లవారకముందే గైడ్ వాడిని భుజం పట్టుకుని కిందికి దింపాడు. కిందికి దిగేకొద్దీ వాడు మామూలయ్యాడు గానీ, ఆ మూడు గంటలు నాకు ఇప్పటికీ గుర్తొస్తే కడుపులో తిప్పుతుంది.

శిఖరం ఎక్కకుండానే వెనక్కి వచ్చేశాం. చేతిలో రెండు రోజులు మిగిలాయి కాబట్టి మస్సూరీ వెళ్ళాం. అక్కడ హాథీపావ్ అనే చోట కొండ అంచున ఒక తెల్లటి పాత ఇల్లు ఉంది. జార్జ్ ఎవరెస్ట్ ఇల్లు. అందరూ సెల్ఫీలు దిగుతున్నారు, మేమూ దిగాం. రాత్రి రూమ్‌లో నిద్ర పట్టక ఆయన గురించి చదవడం మొదలుపెట్టా. ఒక చోట ఆగిపోయా. హిమాలయాల మనిషి అనుకున్న ఈయన సర్వేలో చేసిన మొట్టమొదటి పెద్ద పని ఎక్కడో తెలుసా? నిజాం రాజ్యంలో, కృష్ణా గోదావరుల మధ్య అడవిలో. అంటే మా వైపు. మాది కాళేశ్వరం. ఆ అడవికి ఉత్తరం అంచున, ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట మా ఊరు. ఆయన మా ఊరొచ్చాడని అనడం లేదు. కానీ ఆయన్ని చావు దాకా తీసుకెళ్ళింది మాత్రం ఏ మంచుకొండా కాదు, జనగామ దాటాక తూర్పుగా మొదలై గోదావరి దాకా పరుచుకున్న ఆ పాత అడవే.

అందుకే ఈ వ్యాసం.

జార్జ్ ఎవరెస్ట్ 1790 జులై 4న పుట్టాడు. పదహారేళ్ళకే ఈస్టిండియా కంపెనీలో ఫిరంగి దళం క్యాడెట్‌గా చేరి, 1806లో బెంగాల్ వచ్చాడు. మనం ఇంటర్ చదివే వయసులో ఆయన ఓడెక్కేశాడు. లెక్కల్లో గట్టివాడని పేరు. జావా దీవి అప్పట్లో కొన్నేళ్ళు బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉండేది, 1814లో అక్కడ సర్వేకి పంపించారు. తిరిగొచ్చాక గంగా, హుగ్లీ నదుల మీద కొంత పని, కలకత్తా నుంచి బెనారస్ దాకా సిగ్నల్ టవర్ల లైన్ వేసే పని. ఒక టవర్ మీద నుంచి చూస్తే తర్వాతి టవర్ కనిపించాలి, అలా మెసేజ్ దూరం దూరం వెళ్ళాలి. నెట్‌వర్కింగ్ క్లాసులో హాప్ అంటాం కదా, అదే. ఈ పని చూసే ఆయన్ని లాంబ్టన్ దగ్గరికి పంపారు అనిపిస్తుంది నాకు, ఎందుకంటే లాంబ్టన్ చేసేదీ అలాంటిదే, కానీ చాలా పెద్దది.

విలియం లాంబ్టన్ 1802 ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఒక గీత కొలవడం మొదలుపెట్టాడు. ఏడున్నర మైళ్ళ గీత, ఇనుప గొలుసుతో. దాన్నే బేస్‌లైన్ అంటారు. ఆ తర్వాత గొలుసు పక్కన పెట్టేయొచ్చు. గీత రెండు చివర్ల నుంచి దూరంగా ఉన్న ఒక కొండని చూసి కోణాలు కొలిస్తే చాలు, త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలుసు కాబట్టి మిగతా రెండు భుజాలు లెక్కలోనే వచ్చేస్తాయి. ఆ కొత్త భుజాన్ని బేస్‌గా తీసుకుని ఇంకో కొండ, ఇంకో త్రిభుజం. అలా కన్యాకుమారి నుంచి పైకి త్రిభుజాల గొలుసు. టెన్త్ క్లాస్ ట్రిగొనామెట్రీ, అంతే. కానీ కోణాలు కొలిచే థియోడొలైట్ బరువు అర టన్ను. దాన్ని మోయడానికి పన్నెండు మంది. తంజావూరులో 1808లో గుడి గోపురం మీదికి ఎక్కిస్తుంటే తాడు తెగి గోడకి కొట్టుకుని వంగిపోయింది. లాంబ్టన్ ఆరు వారాలు కూర్చుని దాన్ని చేత్తో సరిచేసుకున్నాడు. ఆ ఓపిక ఆయనది.

1818 నుంచి ఈ పనికి గ్రేట్ ట్రిగొనామెట్రికల్ సర్వే అని అధికారిక పేరు వచ్చింది. ఆ ఏడాది చివర్లోనే ఎవరెస్ట్ హైదరాబాద్ చేరి లాంబ్టన్‌కి ముఖ్య సహాయకుడయ్యాడు. వయసు ఇరవై ఎనిమిది. లాంబ్టన్ అప్పటికి అరవై దాటిన పెద్దమనిషి, నెమ్మది మనిషి. కుర్రవాడు దూకుడు మనిషి. ముసలాయన దూకుడు మనిషికి తూర్పు వైపు అడవి అప్పగించాడు.

ఇక్కడ ప్లానింగ్ గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. కొండ నుంచి కొండకి చూపు వెళ్ళాలంటే ముందు ఏ కొండలు అని ఎంచుకోవాలి. త్రిభుజం మరీ సన్నగా ఉండకూడదు, కోణం చిన్నదైతే కొలతలో చిన్న తప్పు కూడా భుజం దగ్గర పెద్దదైపోతుంది. భూమి గుండ్రం కాబట్టి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉన్నది సుమారు డెబ్భై మీటర్లు కిందికి దిగిపోయినట్టే లెక్క, మధ్యలో ఇంకో గుట్ట అడ్డొస్తే అంతే సంగతులు. కొండ ఎక్కడమే కాదు, పైన చెట్లు కొట్టి బోడి చేయాలి. ఎదుటి కొండ మీద జెండా పట్టుకుని ఖలాసీలు నిలబడాలి, వాళ్ళు అక్కడికి చేరారో లేదో తెలుసుకునే దారి లేదు, ఫోనా ఏమన్నానా. అన్నిటికంటే ముఖ్యం గాలి. ఎండాకాలంలో దుమ్ము, వేడి గాలి కలిసి ఇరవై మైళ్ళ అవతల ఏమీ కనిపించదు. వాన పడి ఆగితే గాలి కడిగినట్టు ఉంటుంది, గుట్టలు దగ్గరికొచ్చినట్టు కనిపిస్తాయి. ఇది మా వైపు ఎవరినడిగినా చెప్తారు. వాన వెలిసిన పొద్దున గోదావరి అవతల సిరొంచ వైపు చూస్తే చెట్లు లెక్కపెట్టొచ్చు. అందుకని లాంబ్టన్ పద్ధతిలో సర్వేకి మంచి కాలం వానాకాలం.

కొలతకి మంచి కాలం. మనిషికి కాదు.

1819 వానాకాలంలో ఎవరెస్ట్ దళం హైదరాబాద్ నుంచి తూర్పుకి బయల్దేరింది. రక్షణ కోసం నిజాం ప్రభుత్వం ఇచ్చిన సిపాయిలు మొదట్లోనే తిరగబడ్డారు. వాళ్ళకి అడవి సంగతి తెలుసేమో, ఆ కాలంలో లోపలికి పోవడం ఇష్టం లేదేమో. ఎవరెస్ట్ వాళ్ళని బుజ్జగించలేదు. మిగతా బలగంతో తుపాకులు ఎక్కుపెట్టించి, ముందున్నవాళ్ళని కొరడాతో కొట్టించాడు. తిరుగుబాటు ఆగిపోయింది, దళం ముందుకు కదిలింది. ఈ సంగతి ఆయన తన పుస్తకంలో దాచకుండా రాసుకున్నాడు. కొంతమంది దీన్ని నాయకత్వం అంటారు. నాకైతే చదువుతుంటే మా ట్రెక్‌లో, పొద్దున ఒంట్లో బాగాలేదన్న మావాడిని నేను ఏమీ కాదు నడువు అన్నది గుర్తొచ్చింది. నా చేతిలో కొరడా లేదు, గ్రూప్ అడ్మిన్‌ని అంతే.

వాగులు పొంగుతున్నాయి, బండ్లు దిగబడుతున్నాయి. ఇప్పటి మ్యాప్‌లో చూస్తే మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి, కొత్తగూడెం పేర్లు కనిపించే నేల అంతా అప్పుడు ఒకటే అడవి. టేకు, ఇప్ప, వెదురు. అక్కడ ఉండేది కోయవాళ్ళు, నాయకపోడు వాళ్ళు. వానాకాలం ఆ అడవిలో ఎక్కడ పడుకోవచ్చో ఎక్కడ పడుకోకూడదో వాళ్ళకి తెలుసు. మా నానమ్మ ఇప్పటికీ వానల రోజుల్లో అడవిలో రాత్రి ఉండొద్దు అంటుంది, నీళ్ళు మారితే జ్వరం పడుతుంది అంటుంది. నీళ్ళు కాదు నానమ్మా దోమలు అని నేను నవ్వేవాడిని. ఇద్దరి మాటా ఒకటే అని ఇప్పుడు అర్థమైంది, ఆ కాలంలో ఆ చోట పడుకోవద్దు అనే కదా.

మొదట్లో పని బాగా సాగింది. వానల మధ్య తెరిపి దొరికినప్పుడల్లా గుట్ట మీద కూర్చుని కోణాలు తీసుకున్నాడు. దూరపు జెండాలు చక్కగా కనిపించాయి. త్వరగా పూర్తిచేసేస్తాను అనుకున్నాడు. ఎల్లాపురం అడవి అని ఆయన రాసిన చోటికి వచ్చేసరికి జ్వరం పట్టుకుంది. ఆయనకే కాదు. ఆయనతో వచ్చిన డాక్టర్ హెన్రీ వాయిసీకీ పట్టుకుంది. ఈ వాయిసీ డాక్టరే కాదు, మన దేశపు రాళ్ళని శాస్త్రీయంగా చదివిన మొదటివాళ్ళలో ఒకడు. తర్వాత సుమారు నూట యాభై మంది దళంలో దాదాపు అందరూ పడిపోయారు. ఖలాసీలు, సిపాయిలు, బండ్లవాళ్ళు, వంటవాళ్ళు. నిలబడి మోసేవాళ్ళు లేరు. కబురు అందుకుని హైదరాబాద్ నుంచి ఏనుగులు, డోలీలు పంపించారు. వాటి మీద వేసుకుని వెనక్కి తీసుకొచ్చారు. దారిలో కొందరు చనిపోయారు. ఎవరెస్ట్ బతికాడు కాబట్టి ఆయన పేరు మనకి తెలుసు. చనిపోయినవాళ్ళ పేర్లు నేను చదివిన ఎక్కడా లేవు. జెండా పట్టుకుని ఏ గుట్ట మీద నిలబడ్డారో ఆ గుట్టల పేర్లు మాత్రం త్రిభుజాల పట్టికల్లో ఎక్కాయి.

అప్పట్లో ఆ జ్వరం చెడు గాలి వల్ల వస్తుందనే అనుకునేవాళ్ళు. చిత్తడి, కుళ్ళిన ఆకులు, రాత్రి గాలి. దోమ అని ఎవరికీ తెలియదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని మొదటిసారి చూసింది రొనాల్డ్ రాస్, 1897 ఆగస్ట్ 20న, ఎక్కడో కాదు, సికింద్రాబాద్‌లో. అంటే ఎవరెస్ట్ దళాన్ని ఏనుగుల మీద తెచ్చి దింపిన జంట నగరాల్లోనే, 78 ఏళ్ళ తర్వాత జవాబు దొరికింది. ఇది చదివినప్పుడు మా బాపుకి ఫోన్ చేసి చెప్పా. ఆయనేమో ఒక్క మాట అడిగాడు, తిన్నావా అని.

జ్వరం ఒకసారి వచ్చి పోయే రకం కాదు. తగ్గిందనుకునేలోపు తిరగబెట్టింది. 1820లో గాలి మార్పు కోసం ఆయన్ని ఆఫ్రికా దక్షిణాన కేప్ ఆఫ్ గుడ్ హోప్ పంపించారు. సెలవు మీద వెళ్ళినవాడు ఊరికే ఉండలేదు. అక్కడ 1752లో లకాయ్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త భూమి వంపు కొలిచాడు, ఆ కొలత ఎవరి లెక్కకీ కుదరడం లేదు. ఎవరెస్ట్ ఆ చోట్లన్నీ తిరిగి చూసి, తప్పు కొలిచినవాడిది కాకపోవచ్చు, పక్కనున్న కొండలది అన్నాడు. ఎలాగంటే, నిట్టనిలువు తెలుసుకోవడానికి దారానికి గుండు కట్టి వేలాడదీస్తారు. మన మేస్త్రీలు ఇప్పటికీ వాడేదే. పెద్ద కొండ పక్కన ఉంటే ఆ గుండుని కొండ తన వైపు రవ్వంత లాగుతుంది. నిలువే వంకరైతే దాని మీద కొలిచేవన్నీ వంకరే. కొండలు ఊరికే నిలబడి ఉండవు, మన కొలతని లాగుతాయి. ఈ జ్ఞానం తర్వాత హిమాలయాల దగ్గర చాలా పనికొచ్చింది, చాలా తలనొప్పీ పెట్టింది. కళ్యాణ్‌పూర్, కలియానా అనే రెండు స్టేషన్ల మధ్య త్రిభుజాలతో లెక్కకట్టిన తేడాకీ, నక్షత్రాలతో కొలిచిన తేడాకీ ఐదు సెకన్ల పైచిలుకు కోణం తక్కువొచ్చింది. ఆ చిన్న తేడా మీద గొడవపడే, పర్వతాల కింద వేర్లు ఉంటాయనే ఆలోచనకి భూగర్భ శాస్త్రం వచ్చింది. అది వేరే కథ, జియాలజీ వాళ్ళు రాయాలి.

1823 జనవరిలో లాంబ్టన్ పనిలో ఉండగానే, వార్ధా దగ్గర హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. ఎవరెస్ట్ సర్వే సూపరింటెండెంట్ అయ్యాడు. త్రిభుజాల గొలుసుని ఉత్తరంగా సిరోంజ్ దాకా తీసుకెళ్ళాడు. మా వైపు వాళ్ళు పొరబడొద్దు, ఇది మా ఎదురుగా ఉన్న సిరొంచ కాదు, మధ్యప్రదేశ్‌లోది. నేను గంటసేపు పొరబడ్డా. 1824 చివర్లో అక్కడ బేస్‌లైన్ కొలిచేటప్పటికి ఆయన ఒళ్ళు పూర్తిగా చెడిపోయింది. కాళ్ళూ చేతులూ సరిగ్గా ఆడేవి కావు. నక్షత్రాలు చూడటానికి ఇద్దరు మనుషులు ఆయన్ని ఎత్తి పరికరం ముందు కూర్చోబెట్టేవాళ్ళు. చూసి, అంకె చెప్పి, మళ్ళీ ఎత్తి పడుకోబెట్టించుకునేవాడు. 1825లో ఇంగ్లండ్ ఓడెక్కాడు. చాలామంది ఇక తిరిగి రాడనే అనుకుని ఉంటారు.

ఐదేళ్ళు అక్కడున్నాడు. ఆ ఐదేళ్ళే ఆయన జీవితంలో మలుపు అని నాకనిపిస్తుంది, బయట నుంచి చూస్తే ఏమీ జరగనట్టే ఉన్నా. రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1830లో అప్పటిదాకా చేసిన పని మీద పుస్తకం వేశాడు. ఐర్లండ్ వెళ్ళి అక్కడి సర్వే చూశాడు. అక్కడ కోల్బీ అనే ఆయన గొలుసు బదులు ఒక కొత్త కడ్డీ వాడుతున్నాడు. ఇనుము ఎండకి సాగుతుంది, మన దేశం ఎండలో గొలుసు పొడవు పొద్దునొకటి, మధ్యాహ్నం ఒకటి. కోల్బీ ఇనుప కడ్డీ, ఇత్తడి కడ్డీ పక్కపక్కన బిగించి, రెండూ వేర్వేరుగా సాగినా వాటి చివరన గుర్తించిన చుక్కల మధ్య దూరం మాత్రం మారకుండా చేశాడు. ఒక తప్పుని ఇంకో తప్పుతో కొట్టేయడం. మన కోడ్‌లో చేస్తే ప్రొఫెసర్ మార్కులు కట్ చేస్తారు గానీ ఇది మాత్రం చాలా తెలివైన పని. ఎవరెస్ట్ ఆ కడ్డీలు, కొత్త థియోడొలైట్లు చేయించుకుని 1830లో తిరిగొచ్చాడు. ఈసారి సర్వే సూపరింటెండెంట్ మాత్రమే కాదు, మొత్తం దేశానికి సర్వేయర్ జనరల్.

అప్పటి నుంచి ఆయన ప్లానింగ్ చూస్తే అడవిలో పడిపోయిన మనిషి ఎంత మారాడో తెలుస్తుంది. వానాకాలం పని మానేశాడు. వానలు వెళ్ళాక, చలికాలంలో బయటి పని. మిగతా కాలం లెక్కలు. మరి చలికాలం పొగమంచు, పొగ, దుమ్ము? దానికి జవాబు రాత్రి. రాత్రిపూట దీపాలు వెలిగిస్తే, గాలి చల్లబడి వెలుతురు దారి కొంచెం వంగి, పగలు భూమి వంపు చాటున దాగిన చోటు కూడా పైకి తేలి కనిపిస్తుంది. పగలు అద్దాల మెరుపు, రాత్రి దీపం. అసలు కొలత కంటే ముందు ఒక దళం వెళ్ళి ఉజ్జాయింపు త్రిభుజాలు వేసి, ఏ చోటు నుంచి ఏ చోటు కనిపిస్తుందో చూసొచ్చేది. ఆ తర్వాతే పెద్ద పరికరం కదిలేది. ముందు రెక్కీ, తర్వాత రూటు. ఈ రోజు కొండలెక్కేవాళ్ళు చేసేదీ అదే.

అయినా గంగా మైదానం దాటడం అడవి కంటే కష్టమైంది. అక్కడ కొండలే లేవు. ఎటు చూసినా ఊళ్ళు, మామిడి తోటలు, పొగ. కొండ లేకపోతే కట్టుకోవాల్సిందే. సుమారు యాభై అడుగుల ఎత్తున ఇటుక, రాతి టవర్లు కట్టించాడు. కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. చూపుకి అడ్డొచ్చిన చెట్లు కొట్టించాడు, అడ్డొచ్చిన ఇళ్ళు కూల్పించాడు. నష్టపరిహారం ఇచ్చారు గానీ, ఒకాయన గీత గీసుకోవడానికి మన ఇల్లు పడగొడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఎత్తైన చోట దుర్భిణీ పెట్టుకుని జనానా వైపు చూస్తున్నారని కూడా గొడవలయ్యాయి. ఆ దుర్భిణీల్లో బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది, అది తెలిశాక గొడవ ఇంకా పెరిగింది.

1834-35లో డెహ్రాడూన్ లోయలో బేస్‌లైన్ కొలిచారు. లోయ మధ్యలో, ఒక పక్క శివాలిక్ కొండలు, ఇంకో పక్క మస్సూరీ కొండలు. సిరోంజ్ నుంచి నాలుగు వందల మైళ్ళ మేర త్రిభుజాలతో లెక్కకట్టుకుంటూ వచ్చి, ఇక్కడ గీత ఇంత ఉండాలి అని ముందే లెక్క తీసి, నేల మీద కొలిచి చూస్తే తేడా అంగుళాల్లో తేలింది. ఏడున్నర మైళ్ళ గీతకి అంగుళాలు! మేం నలుగురం గూగుల్ మ్యాప్ పెట్టుకుని సాంక్రిలో హోమ్‌స్టే వెతకడానికి నలభై నిమిషాలు తిరిగాం.

ఇప్పుడు సీఎస్ఈ వాళ్ళకి ఇష్టమైన భాగం. ఈ లెక్కలు చేసినవాళ్ళ ఉద్యోగం పేరు కంప్యూటర్. నిజంగానే, డెసిగ్నేషన్ అది. 1831 డిసెంబర్‌లో కలకత్తా హిందూ కాలేజీ నుంచి రాధానాథ్ సిక్దర్ అనే కుర్రాడు నెలకి ముప్ఫై రూపాయల జీతానికి కంప్యూటర్‌గా చేరాడు. వయసు పద్దెనిమిది, అంటే నాకంటే ఏడాది చిన్న. ఎవరెస్ట్ ఎవరినీ అంత తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదు, కానీ సిక్దర్‌ని మాత్రం నెత్తిన పెట్టుకున్నాడు. తండ్రి పెళ్ళి కోసం ఇంటికి పిలుస్తుంటే వదలడం ఇష్టం లేక ఆ తండ్రికే ఉత్తరం రాశాడు. పరికరాలు బాగు చేసేవాడు ఇంకొకాయన, ఆర్కాట్ నుంచి వచ్చిన సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్. ఇంగ్లండ్ నుంచి వచ్చిన పరికరాల మేస్త్రీ వెళ్ళిపోయాక ఆ పని ఈయనకే ఇవ్వాలని ఎవరెస్ట్ ప్రభుత్వంతో పోట్లాడి ఇప్పించాడు. మా వైపు అడవిలో సిపాయిలని కొరడాతో కొట్టించిన మనిషే ఇదీ చేశాడు. రెండూ ఆయనే. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని దాచడం నాకు కుదరలేదు.

కోపం మాత్రం చివరిదాకా తగ్గలేదు. ఎవరో ఆయన్ని కంపాస్‌వాలా అన్నారని పెద్ద రభస చేశాడు. ఆయనకి ఆరోగ్యం బాగాలేదు కదా అని ఆయన బతికుండగానే లండన్‌లో ఇంకొకరిని ఆ పదవికి అనుకున్నారు. అది తెలిసి రాయల్ సొసైటీ అధ్యక్షుడికి వరసగా ఉత్తరాలు రాసి, అవన్నీ 1839లో పుస్తకంగా అచ్చు వేయించాడు. ఇప్పుడైతే ట్విట్టర్ థ్రెడ్ అయ్యేది. మస్సూరీలో ఆ తెల్ల ఇల్లు కొన్నది ఈ కాలంలోనే. మంచు కొండలు చూస్తూ, కింద లోయలో తను కొలిచిన గీత చూస్తూ ఉండేవాడు.

1841లో మళ్ళీ బీదర్ దగ్గర, లాంబ్టన్ 1815లో గొలుసుతో కొలిచిన చోటే, ఆండ్రూ వా అనే శిష్యుడు కొత్త కడ్డీలతో కొలిచాడు. దాంతో కన్యాకుమారి నుంచి మస్సూరీ దాకా సుమారు 2,400 కిలోమీటర్ల గొలుసు పూర్తయింది. మొదలుపెట్టి అప్పటికి ముప్ఫై తొమ్మిదేళ్ళు. 1843 చివర్లో ఎవరెస్ట్ రిటైరై ఇంగ్లండ్ వెళ్ళాడు. యాభై ఆరేళ్ళ వయసులో, 1846లో ఎమ్మా వింగ్‌ని పెళ్ళి చేసుకున్నాడు, ఆరుగురు పిల్లలు. ఆయన తమ్ముడి కూతురు మేరీ ఎవరెస్ట్. ఆమె 1855లో పెళ్ళి చేసుకున్నది జార్జ్ బూల్‌ని. అవును, ఆ బూల్ గారే. మనం రోజూ ఇఫ్ కండిషన్‌లో రాసే ట్రూ, ఫాల్స్ ఆ ఇంటి అల్లుడి పేరు మీదే ఉన్నాయి. ఇది చదివి నేను రూమ్‌లో లేచి నిలబడ్డా, మిగతా ముగ్గురూ దుప్పటి కప్పుకుని నన్ను తిట్టారు.

ఇక శిఖరం. అది ఎవరెస్ట్ కనుక్కున్నది కాదు, ఎక్కింది కాదు, మస్సూరీ నుంచి కనిపించదు కూడా. ఆయన వెళ్ళిపోయాక ఆండ్రూ వా సర్వేయర్ జనరల్ అయ్యాడు. నేపాల్ లోపలికి రానివ్వలేదు కాబట్టి కింద మైదానంలోంచే, వంద మైళ్ళకి పైగా దూరం నుంచి, 1849-50లో మంచు శిఖరాల కోణాలు తీశారు. అంత దూరంలో భూమి వంపే ఆరు వేల అడుగులకి పైగా మింగేస్తుంది, పైగా గాలి వెలుతురుని వంచుతుంది. ఈ రెండూ సరిదిద్ది లెక్క తేల్చిన పనిలో ముఖ్యుడు సిక్దర్. పదిహేనో నంబర్ శిఖరం 29,002 అడుగులు వచ్చింది. లెక్కలో సరిగ్గా 29,000 వస్తే ఎవరూ నమ్మరని రెండు అడుగులు కలిపారని అంటుంటారు. ఇప్పటి కొలత 8,848.86 మీటర్లు. అప్పటి లెక్కకీ దీనికీ తేడా తొమ్మిది మీటర్లు, అంతే. 1856లో ప్రకటించారు. స్థానికులు వాడే పేరు దొరకలేదని చెప్పి వా తన గురువు పేరు పెట్టాడు. ఉత్తరాన టిబెట్ వాళ్ళు దాన్ని చోమోలుంగ్మా అంటూనే ఉన్నారు.

దీనికి అడ్డు చెప్పినవాడు ఎవరెస్టే. కొండలకి అక్కడివాళ్ళ పేరే ఉండాలన్నది ఆయన పెట్టిన పద్ధతే. తన పేరు ఈ దేశం మనుషుల నోరు తిరగదు, హిందీలో పారసీలో రాయడం కుదరదు అన్నాడు. అయినా 1865లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆ పేరే ఖాయం చేసింది. ఆయన తన ఇంటిపేరుని ఈవ్‌రెస్ట్ అని పలికేవాడు. లోకమంతా ఎవరెస్ట్ అంటుంది. 1866 డిసెంబర్ 1న లండన్‌లో చనిపోయాడు, సముద్రం ఒడ్డున హోవ్ అనే ఊళ్ళో చర్చి పక్కన పూడ్చారు. ఎత్తు చూస్తే సముద్ర మట్టం దగ్గరదగ్గర సున్నా.

1921లో ఆ కొండ ఎక్కడానికి దారి వెతుకుతూ మొదటి బృందం టిబెట్ వైపు నుంచి వెళ్ళినప్పుడు వాళ్ళతో సర్వే ఆఫ్ ఇండియా మనుషులు కూడా ఉన్నారు. రోంగ్‌బుక్ లోయలో మెయిన్ గ్లేసియర్ వెంట వెళ్తే దారి మూసుకుపోతుంది. పక్కన సన్నటి వాగులా కనిపించిన చోటు నుంచి తూర్పు రోంగ్‌బుక్ గ్లేసియర్ ఉందని, అదే పైకి దారి అని పటం గీస్తూ పట్టుకున్నది ఎడ్వర్డ్ వీలర్ అనే సర్వేయరు. ఎక్కడానికి వచ్చిన పెద్ద పెద్దవాళ్ళు దాన్ని చూసి కూడా వదిలేశారు. 93 ఏళ్ళ తర్వాత, 2014 మే 25న, ఆ టిబెట్ వైపు నుంచే మన తెలంగాణ గురుకులం పిల్ల మలావత్ పూర్ణ, ఖమ్మం వైపు కుర్రాడు ఆనంద్ కుమార్ పైకి చేరారు. పూర్ణకి అప్పుడు పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. వాళ్ళు మొదట తాడు పట్టుకోవడం నేర్చుకున్నది భువనగిరి కోట బండ మీద. మా జిల్లాలో రేగొండ దగ్గర పాండవుల గుట్టల్లో కూడా రాక్ క్లైంబింగ్ చేయిస్తారు. ఎవరికైనా ఇంట్రెస్ట్ ఉంటే చెప్పండి, కానీ వానాకాలం కాకుండా.

మావాడు మే నెలలో మళ్ళీ కేదార్‌కంఠ వెళ్దామంటున్నాడు. ఈసారి షీట్ వాడే వేశాడు, నాకు వ్యూ పర్మిషన్ మాత్రమే ఇచ్చాడు. జూడా కా తాలాబ్ దగ్గర రెండు రాత్రులు పెట్టాడు.